దొరకలేదంటే లేదని కాదు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల సందర్భంగా హైదరాబాద్‌లో ఉంటున్న సభ్యులు నార్సింగిలో జరుపుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ఏఐ వచ్చింది కదా, దాని గురించి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడు" అని మన కార్యదర్శి గారు ఫోన్ చేశారు. ప్రపంచం ఎటు పోతుందో చెప్పేంతటివాణ్ని కాను. గత ఏడాది నేను చేసిన ఒక చిన్న పని గురించి, అందులో నేను చేసిన ఒక తప్పు గురించి చెప్తాను. ఆ పని ఏమిటంటే, ఒక పనిముట్టును ఎట్లా వాడాలో వివరిస్తూ ఒకటిన్నర పేజీ రాయడం. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో అంత చిన్న పనికి అంత ఇబ్బంది ఎప్పుడూ పడలేదు.

నేను 1986లో పదో తరగతి పాసయ్యాను. మా ఆఫీసు ఇక్కడికి దగ్గరే. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు దాన్ని చూడ్డానికి సిటీ బస్సెక్కి పోయినవాణ్ని. ఆ రోజుల్లో నార్సింగి వైపు వస్తే గండిపేటకు పోయే దారి, పొలాలు, బండరాళ్లు. ఇప్పుడు ఈ హాలు మెట్ల మీద నిలబడితే ఒక పక్క అవుటర్ రింగ్ రోడ్డు, ఇంకో పక్క కోకాపేట టవర్లు. 1920లో కట్టిన గండిపేట చెరువు ఒక్కటే ఉన్నచోట ఉంది.

సరే, విషయానికి వస్తాను. మా ఆఫీసులో ఇప్పుడు కోడు రాసేది మనుషులు మాత్రమే కాదు, ఏజెంట్లు కూడా. ప్రశ్న అడిగితే జవాబు చెప్పే ఏఐని మీరంతా ఫోన్లలో చూసే ఉంటారు. కోడింగ్ ఏజెంట్ జవాబు చెప్పి ఊరుకోదు. ఫైళ్లు తెరిచి చదువుతుంది, మారుస్తుంది, టెస్టులు నడుపుతుంది, తప్పు వస్తే మళ్లీ దిద్దుకుంటుంది. దాని తెలివికి నేను చాలాసార్లు ఆశ్చర్యపోయాను. కాకపోతే ఒక చిక్కుంది. కొత్త పని అప్పజెప్పిన ప్రతిసారీ అది ఖాళీ పలకతో మొదలవుతుంది. నిన్న మధ్యాహ్నమంతా మా కోడును తిరగేసి తెలుసుకున్నది ఇవాళ పొద్దున దానికి గుర్తుండదు.

మాది మందుల హోల్‌సేల్ వ్యాపారులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. పద్దెనిమిదేళ్లుగా ఒకరి తరువాత ఒకరు రాసుకుంటూ వచ్చిన కోడు. ఏ చిన్న మార్పు చెప్పినా ఏజెంట్ ముందు నలభై ఫైళ్లు చదువుతుంది. చదివిన ప్రతి ముక్కకూ టోకెన్ల లెక్కన డబ్బు కట్టాలి, సమయమూ పోతుంది. అందుకని ఒకసారి తెలుసుకున్నదాన్ని చిన్న నోటుగా రాసి దాచిపెట్టే ఏర్పాటు చేశాం. తరువాత వచ్చే ఏజెంట్ ఫైళ్లన్నీ తెరవకుండా ముందు ఆ నోట్లలో వెతుక్కుంటుంది. దీన్నే క్యాష్ అంటారు. జేబులో ఉండే క్యాష్ కాదు, ఇంగ్లిషు స్పెల్లింగు వేరు. దాచడం అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వచ్చింది.

మాట కొత్తగా ఉన్నా పని మనకు కొత్తది కాదు. పదమూడు ఏడులు ఎంత అని లెక్కల సారు అడిగితే మనం పదమూడుని ఏడుసార్లు కూడామా? తొంభై ఒకటి అని టక్కున చెప్పాం. చెప్పలేనివాళ్లు బెంచీ ఎక్కారు. ఎక్కాలంటే మన తలలో పెట్టుకున్న క్యాష్. కంప్యూటర్లలో ఈ ఆలోచనను 1965లో మారిస్ విల్క్స్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త ఒక చిన్న వ్యాసంలో వివరించాడు. మూడేళ్లకు ఐబీఎం వాళ్లు తమ 360 వరసలోని 85 మోడల్ యంత్రంలో దాన్ని పెట్టారు. ఇవాళ మీ అందరి ఫోన్లలోనూ ఉంది.

ఎక్కాలతో ఒక సుఖముంది, అవి మారవు. తొంభై ఒకటి తాతల కాలంలోనూ తొంభై ఒకటే. మారేవాటిని దాచుకున్నప్పుడే తంటా. దీనికి మా ఇంట్లోనే ఒక ఉదాహరణ దొరికింది.

పోయిన ఉగాదికి, అంటే 2025 మార్చి 30న, ఊరికి పోయాను. మా తమ్ముడు అటక మీద ట్రంకు పెట్టె దించాడు. అందులో మా తాత పంచాంగం ఉంది. అట్ట మీద 'విశ్వావసు నామ సంవత్సరం' అని స్పష్టంగా ఉంది. ఆ రోజు మొదలైనదీ విశ్వావసే. మా చిన్నమ్మ సంబరపడి, "ఇంట్లోనే ఉండగా కొత్తది కొనడమెందుకురా" అంది. అది 1965 నాటి పంచాంగం. అరవై ఏళ్లకు పేరు తిరిగి వచ్చింది గానీ తిథులు, నక్షత్రాలు తిరిగి రావు కదా. దాన్ని చూసి ముహూర్తం పెడితే ఏకాదశి అనుకున్న రోజున ఇంకేదో తిథి ఉంటుంది.

పంచాంగం కూడా క్యాషే. సిద్ధాంతిగారు ఒకసారి కూర్చుని ఏడాదికి సరిపడా గణించి పెడతారు. మనం ప్రతి శుభకార్యానికీ సూర్యచంద్రుల గతిని లెక్కగట్టక్కర్లేదు, పేజీ తిప్పితే చాలు. అయితే అది ఏ ఏడాదిదో తెలియాలి, ఏ ఊరికి గణించిందో కూడా తెలియాలి. ఒక ఊరి సూర్యోదయం ఇంకో ఊరికి నిమిషాల తేడాతో ఉంటుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇక్కడి పంచాంగం పెట్టుకుంటే కొన్నిసార్లు పండగే ఒక రోజు తేడా వస్తుంది. అందుకే అక్కడి ఊళ్లకు విడిగా గణించుకుంటారు. మా భాషలో చెప్పాలంటే, దాచిన జవాబును వెతకడానికి పెట్టుకునే గుర్తులో, దాన్ని 'కీ' అంటాం, ఆ జవాబు దేని మీద ఆధారపడిందో అదంతా ఉండాలి. ఒక్క పేరు పెట్టుకుంటే మా చిన్నమ్మ పంచాంగం అవుతుంది.

ఇది ఉగాదినాడు చెప్పి అందరినీ నవ్వించినవాణ్ని, అదే ఏడాది ఆఫీసులో అదే తప్పు చేశాను. మా నోట్లకు కీగా ఫైలు పేరు, అడిగిన ప్రశ్న, ఈ రెండే పెట్టాం.

ఇక రాత సంగతి. ఏజెంట్‌కు బయటి పనిముట్లను అందించడానికి ఇప్పుడొక ఉమ్మడి పద్ధతి ఉంది. మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అంటారు, ఆంత్రోపిక్ అనే సంస్థ 2024 నవంబరులో ప్రకటించింది. అందులో ప్రతి పనిముట్టుకూ ఒక పేరు, ఒక వివరణ, దానికి ఏమేమి ఇవ్వాలనే జాబితా ఉంటాయి. ఏజెంట్‌కు కనపడేది అంతే. లోపల మేము రాసిన ప్రోగ్రామ్ ఎంత గొప్పదైనా దానికి తెలియదు. ఎప్పుడు పిలవాలి, వచ్చిన జవాబును ఎంత నమ్మాలి అన్నది ఆ వివరణ చదివే తేల్చుకుంటుంది.

నేను ఇన్నేళ్లుగా రాసిన డాక్యుమెంట్లు మనుషుల కోసం. నిజం ఒప్పుకోవాలంటే వాటిని ఎవరూ పూర్తిగా చదివేవాళ్లు కాదు. అర్థంకాకపోతే నా కుర్చీ దగ్గరికి వచ్చి "అన్నా, ఇదేంది?" అని అడిగేవాళ్లు, నేను నోటితో చెప్పేవాణ్ని. అందుకని నా రాతలో ఉన్న కంతలు నాకే ఎప్పుడూ కనపడలేదు. ఏజెంట్ అడగదు. రాసింది రాసినట్టు తీసుకుంటుంది.

మొదట ఒక్క వాక్యం రాశాను: "కోడు గురించి ఇదివరకు దాచిన సమాధానాలను వెతికి ఇస్తుంది." రెండు వారాలు చూశాం. ఏజెంట్లు దాదాపు ఆ పనిముట్టు జోలికే పోలేదు. ఎందుకు పోవాలో నేను చెప్పలేదు మరి. మా మేనేజర్ ఇంత ఖర్చుపెట్టి చేసినది ఎవరూ వాడకపోతే ఎట్లా అన్నాడు. నాకు పట్టుదల వచ్చింది. ఈసారి గట్టిగా రాశాను: "ఏ ఫైలైనా తెరిచే ముందు తప్పనిసరిగా దీన్ని అడగాలి. ఇక్కడ దొరికితే ఫైలు తెరవాల్సిన అవసరం లేదు." అంతే, వాడకం ఒక్కసారిగా పెరిగింది. ఖర్చు తగ్గింది. నెలవారీ మీటింగులో నాకు చప్పట్లు కూడా పడ్డాయి.

తరువాత ఒక్కొక్కటీ బయటపడడం మొదలైంది.

మొదటిది మా టీమ్‌లో ఒక అమ్మాయి కనిపెట్టింది. ఉద్యోగంలో చేరి మూడేళ్లు కూడా కాలేదు, కోడు మాత్రం కంటితో కాదు వేలితో చదివినట్టు చదువుతుంది. "సార్, తేదీని సరిచేసే ఫంక్షన్ మనకు ఇదివరకే ఉంది కదా, ఇప్పుడు ఇంకో రెండు ఎందుకున్నాయి?" అంది. చూస్తే నిజమే, ఒకే పనికి మూడు ఫంక్షన్లు. ఏజెంట్ నోట్లలో వెతికింది, ఆ ఫంక్షన్ గురించి అంతకుముందు ఎవరూ నోటు రాయలేదు కాబట్టి ఖాళీ జవాబు వచ్చింది. ఖాళీ జవాబుకు అర్థం ఏమిటో నేను ఎక్కడా రాయలేదు. అది అటువంటి ఫంక్షనే లేదనుకుని, పాపం, బుద్ధిగా కొత్తది రాసింది. వారం తరువాత ఇంకో ఏజెంట్ కూడా అంతే చేసింది.

నాకు మన బడి లైబ్రరీ గుర్తొచ్చింది. లైబ్రరీ అంటే హెడ్మాస్టరు గది పక్కన రెండు బీరువాలు. తాళాలు మన అటెండర్ దగ్గర ఉండేవి. ఎనిమిదో తరగతిలో నేను ఒక సైన్సు ప్రయోగాల పుస్తకం అడిగాను. ఆయన బీరువా తెరిచి, ముందు వరస చూసి, "లేదు" అన్నాడు. ఆ పుస్తకం మన బడిలో లేదని రెండేళ్లు నమ్మాను. పదో తరగతి చివర్లో ఎగ్జిబిషన్ కోసం రెండో బీరువా ఖాళీ చేస్తుంటే వెనక వరసలో ఉంది. ఆయన అబద్ధం చెప్పలేదు. ముందు వరసలో లేదన్నాడు, నేను బడిలోనే లేదని విన్నాను.

రెండోదే అసలు దెబ్బ.

వ్యాపారంలో ఉన్నవాళ్లకు గుర్తుంటుంది, 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ రేట్లు మారాయి. ఎక్కువ మందులపై 12 శాతం ఉన్నది 5 శాతం అయింది. దానికి తగ్గట్టు మా కోడు కూడా సమయానికి మార్చాం. 22కు ముందు బిల్లయితే 12, ఆ తరువాతైతే 5. అక్టోబరులో ఒక ఏజెంట్‌కు, దుకాణాల నుంచి వాపసు వచ్చిన మందులకు క్రెడిట్ నోటు లెక్కగట్టే భాగం రాయమని అప్పజెప్పాను. వాపసు సరుకుకు అసలు బిల్లు మీద ఏ రేటు పడిందో అదే రేటు వెనక్కివ్వాలి. ఏజెంట్ మందుల పన్ను సంగతి నోట్లలో వెతికింది. దొరికింది. ఆగస్టులో రాసిన నోటు: ఈ ఫైలు మందులకు 12 శాతం వేస్తుంది అని. ఫైలు పేరు అదే, ప్రశ్న అదే, లోపలి సరుకు మారిపోయింది. అచ్చంగా మా తాత విశ్వావసు. అనుమానించి ఫైలు తెరిచి చూసుకోవచ్చు కదా అంటారా? దొరికితే తెరవాల్సిన అవసరం లేదని రాసింది నేనే. అది నా మాట విన్నది.

టెస్టులూ అదే రాసుకుంది, ఆ నోటునే నమ్ముకుని, ఆగస్టు బిల్లులతో. అన్నీ పాసయ్యాయి. రివ్యూ నేను చేశాను. 12 కనపడింది, పాత బిల్లుల వాపసు కదా, పాత రేటే కదా అనుకున్నాను, సంతకం పెట్టేశాను. కొంతమేరకు సరైన అంకె అయ్యేసరికి నా కన్ను దాని మీద ఆగలేదు. పూర్తిగా తప్పయితే పట్టుకునేవాణ్ని అనుకుంటాను.

పట్టుకున్నది ఒక పెద్దాయన. ముందుగా వాడి చూడ్డానికి ఒక మందుల డిస్ట్రిబ్యూటర్‌కు ఇచ్చాం. వాళ్ల అకౌంటెంటుకు అరవై దాటి ఉంటాయి, ఇప్పటికీ ప్రతి బిల్లునూ పెన్సిలుతో పక్కన టిక్కు పెట్టుకుంటాడు. మొదటి రోజు సాయంత్రమే ఫోన్ చేశాడు. "సార్, అక్టోబరులో అమ్మిన పెట్టె వాపసొస్తే మీ మిషను 12 ఎందుకు వేస్తుంది? మేం 105 తీసుకుని 112 ఇవ్వాల్నా?" నూటికి ఏడు రూపాయలు. మందుల హోల్‌సేలులో లాభం ఎంత సన్నగా ఉంటుందో ఆ పని తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ రోజువి ఏడెనిమిది నోట్లే కాబట్టి చేత్తో సరిచేశాం. ఆయన చూడకపోయి ఉంటే నెలాఖరు దాకా అట్లాగే పోయేది.

ఆ రాత్రి ఇంటికి పోయాక నిద్ర పట్టలేదు. తప్పు జరగడం కొత్తేమీ కాదు. ఏజెంట్ మీద తోసేయడానికి నా నోటి దాకా మాట వచ్చి ఆగింది, అదీ నన్ను పట్టుకున్నది. మా వృత్తిలో యాభై దాటినవాళ్లకు ఒక భయం ఎప్పుడూ వెంట ఉంటుంది. ఈ యంత్రాలు వచ్చాక ఆ భయం ఇంకాస్త దగ్గరగా వచ్చి కూర్చుంది. ఇంకా మీ అవసరం ఏముంది అని ఎవరైనా అడిగితే, అనుభవం అని చెప్పుకుంటూ వచ్చాను. తీరా చూస్తే నా అనుభవం రాసిన ఒక్క వాక్యం వల్లే తప్పు జరిగింది.

మరునాడు కీ మార్చాం. ఇప్పుడు ఫైలు పేరుతో పాటు లోపలి సరుకు నుంచి తీసిన ఒక వేలిముద్ర ఉంటుంది. షా-256 అనే లెక్కతో 64 అక్షరాల వరస వస్తుంది, ఫైలులో ఒక్క కామా మారినా ఆ వరస మొత్తం మారిపోతుంది. నోటు ఎన్ని ఫైళ్లు చూసి రాసిందో అన్నింటి వేలిముద్రలూ సరిపోతేనే ఆ నోటు బయటికి వస్తుంది. ఇది మూడు రోజుల పని.

వివరణ తిరగరాయడానికి రెండు వారాలు పట్టింది. ఇంగ్లిషులో రాస్తుంటే ఊకదంపుడు మాటలు వచ్చి పడుతున్నాయి. 'సమర్థవంతమైన', 'తెలివైన', ఇట్లాంటివి. చివరికి ఒక నోటుబుక్కు తీసి తెలుగులో రాశాను, తరువాత ఇంగ్లిషు చేశాను. తెలుగులో డొల్ల మాట రాస్తే నాకు వెంటనే తెలిసిపోతుంది, కారణం ఇక్కడ ముందు వరసలోనే కూర్చుని ఉన్నారు. మన తెలుగు సారు దగ్గర సెలవు చీటీ పాసవడం ఎంత కష్టమో నా బ్యాచ్ వాళ్లకు తెలుసు. 'పని ఉన్నందున' అని రాస్తే చీటీ వెనక్కొచ్చేది. ఏం పని? ఎన్ని రోజులు? మళ్లీ ఏ రోజు వస్తావు? రాకపోతే ఎవరిని అడగాలి? జ్వరం తగ్గిపోయాక కూడా చీటీ దిద్దుతూ కూర్చున్నవాళ్లున్నారు.

ఆ ప్రశ్నలే వేసుకున్నాను. ఈ పనిముట్టు ఎప్పుడు వాడాలి: తెలియని భాగంలో ఎక్కడ ఏముందో మొదట తెలుసుకోవడానికి. ఎప్పుడు వాడకూడదు: నువ్వే ఇప్పుడు మారుస్తున్న ఫైలు గురించి అడగొద్దు. అంతకుముందు నా 'తప్పనిసరిగా' పుణ్యమా అని, అయిదు నిమిషాల కింద తాను మార్చిన ఫైలు గురించి కూడా అది నోట్లలో వెతుక్కునేది. దొరికింది ఏమిటి: సారాంశం మాత్రమే, రాసిన తేదీ పైన ఉంటుంది. రేటు, తేదీ, మొత్తం లాంటి అంకె ఏదైనా కోడులో రాయబోతుంటే ఫైలు తెరిచి చూసుకో. ఇక దొరకనప్పటి సంగతి. దాన్ని వివరణలో పెట్టి ఊరుకోలేదు, ఖాళీ జవాబునే తీసేశాం. ఇప్పుడు నోటు లేకపోతే పనిముట్టే ఇట్లా చెప్తుంది: "దీని గురించి నోటు లేదు. కోడులో లేదని దీని అర్థం కాదు. ఫైళ్లలో వెతకండి." అవసరమైన క్షణంలో కంటి ముందు ఉన్న మాట, ఎప్పుడో మొదట్లో చదివిన మాటకన్నా బాగా పనిచేస్తుంది. ఇది మనుషులకైనా అంతే.

పొడవు మీద కూడా గొడవపడ్డాం. నేను మొదట నాలుగు పేజీలు చేశాను, దెబ్బ తిన్నవాడి జాగ్రత్త అట్లాగే ఉంటుంది. మా అమ్మాయి, అంటే టీమ్‌లోని అమ్మాయి, ఒప్పుకోలేదు. ఈ వివరణను ఏజెంట్ ప్రతి పనికీ చదువుతుంది, ప్రతిసారీ దానికీ టోకెన్ల డబ్బు కట్టాలి, పైగా అంత పొడుగులో ముఖ్యమైనది మునిగిపోతుంది అంది. ఇద్దరం కలిసి ఇరవై పాత పనులు తీసుకుని, ఒక్కో వాక్యం ఉంచీ తీసీ ఏజెంట్‌తో చేయించి చూశాం. తీసినా ఏమీ మారని వాక్యాలను కొట్టేశాం. నాకు చాలా నచ్చిన రెండు మూడు వాక్యాలు అట్లా పోయాయి. ఒకటిన్నర పేజీ మిగిలింది. పేజీ చివర రాసినవాళ్లుగా మా ఇద్దరి పేర్లూ ఉన్నాయి, ఆమెది ముందు.

కొత్త వివరణ పెట్టాక వాడకం కొంచెం తగ్గింది. ఖర్చు కొంచెం పెరిగింది. మేనేజర్‌కు ఈ రెండూ చెప్పినప్పుడు నాకు ఈసారి చప్పట్లు రాలేదు. పెద్దాయనకు మాత్రం సవరించిన క్రెడిట్ నోట్లు నేనే తీసుకుపోయి చూపించాను. ఆయన పెన్సిలు తీసి అన్నింటికీ టిక్కులు పెట్టి, "ఇక మీ మిషనుకు చెప్పండి, నేను ఉన్నా లేకున్నా ఇట్లాగే వేయమని" అన్నాడు.

ఒక్క మాట చెప్పి కూర్చుంటాను, ఇది మన సంఘం పని. ఈ స్వర్ణోత్సవాలకు పిలుపులు పంపడానికి కమిటీ మన చిరునామాల పుస్తకం ఇచ్చింది. అందులో ఒక్క చిరునామా పక్కన కూడా అది ఎప్పుడు రాసిందో లేదు. కొన్ని ఫోన్ నంబర్లు ఆరంకెలవి. పధ్నాలుగు పేర్ల ఎదురుగా 'దొరకలేదు' అని ఉంది. ఎవరు వెతికారో, ఏ సంవత్సరంలో వెతికారో, ఎక్కడ వెతికారో లేదు. ఆ పేర్లకు ఈసారి కార్డులే పోలేదు. అందులో నలుగురు నా బ్యాచ్ వాళ్లు. రెండు బీరువాల తాళాలు దగ్గర పెట్టుకున్న మన అటెండర్ పేరు కూడా ఉంది.

భోజనాల దగ్గర, చేతులు కడుక్కునే చోటికి ముందే, బల్ల మీద ఒక నోటుబుక్కు పెట్టాం. ఆ పధ్నాలుగు పేర్లూ అందులో ఉన్నాయి. ఎవరి సంగతి మీకు తెలిసినా, చివరిసారి ఏ ఊళ్లో చూశారన్నది తెలిసినా రాయండి. దయచేసి పక్కన తేదీ కూడా వేయండి.